వేన్నీళ్ళ కాగు

మార్గశిర పుష్యమాసములలో తెల్లవారకమునుపే పల్లెల పెరళ్ళలో నీళ్ళపొయ్యి రగులుట పెద్దలందఱు నెఱిగినదే. ఆ పొయ్యిమీది కాగును గూర్చియు, అందులోని వేడి ఎట్లు నిలుచును, ఎట్లు పోవును, ఆ వేడికి మన పూర్వులు చెల్లించిన వెల యెంత, దానిని చెల్లించినవారెవరు అను విషయములను గూర్చియు నేడు నాలుగు మాటలు మనవి చేసెదను. చరిత్రగ్రంథములలో కాగునకు చోటు దొరకుట అరుదు. అయినను ఒక యింటి కట్టెల లెక్క చూచినచో ఆ యింటివారి బ్రదుకు కొంత తెలియవచ్చును.

నేను చెప్పబోవు సీమ జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతము. 2016వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీన ఇవి వేర్వేఱు జిల్లాలైనవి గాని, అంతకు పూర్వము వీనిలో అధికభాగము ఓరుగల్లు జిల్లాలోనిదే. జనగామ వైపు మెట్టభూములు, రాతినేలలు, అడవి తక్కువ. మానుకోట దాటి తూర్పునకు పోయిన కొలది అడవి చిక్కనగును. భూపాలపల్లి వైపు గోదావరిదాక అడవియే. కావున ఒకే చలికి ఒకచోట కట్టె కఱవు, ఒకచోట కట్టె సమృద్ధి. సమృద్ధియున్నచోట కట్టె సులభముగా దొరకెనా యన్నది వేఱు మాట. దానికి తరువాత వచ్చెదను.

వేన్నీళ్ళ స్నానము మనకు క్రొత్తది కాదు. కాకతీయుల తొలితరములవారు కల్యాణి చాళుక్యులకు సామంతులై అనుమకొండ నేలినవారు. ఆ చాళుక్యులలో మూడవ సోమేశ్వరుడు 1126 మొదలు 1138 వఱకు రాజ్యము చేసెను. ఆయన రచించిన మానసోల్లాసమను సంస్కృతగ్రంథములో రాజు ననుభవింపదగిన భోగములలో స్నానభోగమును ఒకటిగా చేర్చి, తైలమర్దనము మొదలు సుగంధద్రవ్యముల వఱకు వర్ణించెను. మన యిండ్లలో నరకచతుర్దశినాడు తెల్లవారుజామున నువ్వులనూనె అంటుకొని, సున్నిపిండితో నలుగు పెట్టుకొని, కుంకుడుకాయ రసముతో తలంటిపోసికొని, ఆడుబిడ్డలచేత హారతులందుకొను ఆచారము ఆ భోగమునకు బీదయింటి రూపమే యని నా కనిపించును.

గోలకొండ యొద్ద కుతుబుషాహీ సమాధుల తోటలో 16వ శతాబ్దినాటి స్నానశాల యొకటి నేటికిని నిలిచియున్నది. హమామని దానికి పేరు. దళసరి గోడలు, పైన గుమ్మటములు, చన్నీళ్ళకు వేన్నీళ్ళకు వేర్వేఱు తొట్లు, గోడలలో నమర్చిన కాల్చిన మట్టిగొట్టములు దానిలో కలవు. పశ్చిమమున రోమకులు ఇంకను పూర్వమే నేలక్రింద మంట పెట్టి, ఆ వేడిగాలిని గచ్చుక్రింద నడిపించి గదినంతయు వెచ్చజేసిరి. దళసరిగోడ ఒకసారి వేడెక్కెనా త్వరగా చల్లారదు. కాని ఆ గోడలను మొదట వేడెక్కించుటకే బండ్లకొలది కట్టె కావలయును. అట్టివి రాజులకు చెల్లును, పట్టణములకు చెల్లును. మనవాడు చేసికొన్నది పెరటిలో నాలుగు మూరల చోటున ఒక కాగు, దాని పొయ్యి, ప్రక్కనే ఒక బండ.

ఆ కాగు నొకసారి పరికించి చూడుడు. పొట్ట పెద్దది, మూతి చిన్నది. ఇత్తడిదియో రాగిదియో యగును. బీదవాని యింట మట్టిదే. జనగామ దాపున నున్న పెంబర్తి ఇత్తడిరేకు పనికి ప్రసిద్ధి గన్న గ్రామము. 2010లో ఆ పనికి భౌగోళిక గుర్తింపు లభించినది. అచ్చటి విశ్వకర్మలు దేవాలయముల రథములకు, తలుపులకు రేకుపని చేసినవారు. నిజాముల కాలమున అత్తరుదానులు, పాన్‌దానులు చేసి పేరుపొందినవారు. ఇంటి కాగులు మాత్రము ఊరూర నుండిన కంచరులపని. వంటపాత్రలకువలె కాగునకు కళాయి వేయించు పని లేదు; లోన కాగునది నీరేగాని చింతపండు పులుసు కాదు గదా!

పలుయిండ్ల కాగును పొయ్యిలో కూర్చి, చుట్టును మట్టితో మెత్తి కట్టెడివారు. మంట అడుగునకు, ప్రక్కలకు తగులును. పొగ వెనుకనుండు రంధ్రమున పోవును. ఆ మట్టికట్టు మంట ఆరిన పిమ్మట గూడ గడియసేపు నీటిని చల్లారనీయదు. మట్టిలోను, బూడిదలోను, ఊకలోను గాలి చిక్కుకొనియుండును. కదలక నిలిచిన గాలి వేడిని బయటికి పోనీయదు. పాలంపేట రామప్పగుడి శిఖరమున నీటిపై తేలునంత తేలికయైన ఇటుకలున్నవని మీరు వినియుందురు. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన ఆ గుడి 2016లో భూపాలపల్లి జిల్లాలో చేరి, 2019 నుండి ములుగు జిల్లాలో నున్నది. ఆ యిటుకలు తేలుట వానిలోని సందులలో నిండిన గాలివలననే. ఆ శిల్పులు శిఖరము బరువు తగ్గించుటకై వానిని చేసిరిగాని వెచ్చదనము కొఱకు కాదు. అయినను నేడు గీజరు లోపొరలో నింపు నురుగుపదార్థమునకు ఆ యిటుకకు ఈ యొక్క గుణమున పోలిక కలదు.

ఇక వేడి పోవు తెఱగు. కాగు ప్రక్కలనుండి పోవుదానికంటె పైముఖమునుండి పోవునదే ఎక్కువ. నీరు ఆవిరియై పోవునపుడు తనతో గొప్ప వేడిని తీసికొనిపోవునని స్కాట్లండు దేశీయుడగు జోసెఫ్ బ్లాక్ అను పండితుడు 18వ శతాబ్దిలో కనుగొనెను. లెక్క సులభము. ఒక లీటరు నీటిని ఒక డిగ్రీ వేడిచేయుటకు కావలసిన వేడిని ఒక పాలు అనుకొందము. ఒక లీటరు నీరు ఆవిరియైనచో అది రమారమి 575 పాళ్ళ వేడిని హరించును. అరువది లీటర్ల కాగునుండి లీటరు నీరు ఆవిరియైపోయినచో మిగిలిన నీరంతయు తొమ్మిది డిగ్రీలకు పైగా చల్లబడునన్నమాట. తెల్లని ఆవిరి పైకి లేచుచుండగా చూచి పిల్లలు సంతోషింతురు; కట్టె కొన్నవానికి మాత్రము అది పొయ్యిలోనుండి లేచిపోవు రొక్కమే.

మా నాయనమ్మ కాగుపై ఇత్తడిపళ్ళెము మూసెడిది కాదు. టేకుచెక్క మూత వేసి, దానిపై గోనెసంచిని నాలుగు మడతలు పెట్టి పఱచెడిది. పళ్ళెము చేయి కాల్చును, చెక్క కాల్చదు. చేయి కాల్చని మూతయే వేడిని నిలుపు మూత యని ఆమె తర్కము. ఏ బడియందును చదువని ఆమె తర్కములో నేటివఱకు నాకు తప్పు దొరకలేదు.

మఱియొక సంగతి. ప్రొద్దున బావినీరు వెచ్చగా నుండుటయు, బావిమీద పొగవంటి ఆవిరి యాడుటయు చలికాలమున మీరందఱు చూచినదే. నిజమునకు బావినీరు వేడెక్కదు. భూగర్భమున నీరు ఏడాది పొడుగున ఇంచుమించు ఒకే తీరున, మన సీమలో 27 డిగ్రీల దాపున నుండును. గాలి 12 డిగ్రీలకు దిగినపుడు అదే నీరు మనచేతికి వెచ్చగా తోచును. సాయంత్రము తోడి గోలెములో నింపిన నీరు రాత్రియంతయు చలికి విడిచినచో తెల్లవారునప్పటికి 15 డిగ్రీలకు దిగవచ్చును. స్నానమునకు నీరు 42 డిగ్రీలుండవలెననుకొనుడు. ఒక మనిషికి ఇరువది లీటర్లు. గోలెపు నీటికి 540 పాళ్ళ వేడి కావలయును. అప్పుడే తోడిన బావినీటికి 300 పాళ్ళు చాలును. కిలో ఎండుకట్టె పూర్తిగా కాలిన రమారమి 3500 పాళ్ళ వేడి పుట్టును. మూడుఱాళ్ళ పొయ్యిలో ఎనిమిదింట ఒక వంతు నీటికి చేరినచో గొప్ప, తక్కినది గాలిపాలు. అనగా గోలెపు నీటికి మనిషికి కిలోకు పైగా కట్టె, బావినీటికి ముప్పాతిక కిలోకు లోపుగా కట్టె. ఆర్గురున్న సంసారమున అరువది దినముల చలికి ఈ భేదము రెండువందల కిలోలకు దాపు. ఇరువది కిలోల మోపునకు పది మోపులు! చీకటితో లేచి బావికి పోయిన ఆడుది ఆ పది మోపులను తప్పించినది. కాని ఆ లాభమునకై చలిలో చేద లాగినదియు ఆమెయే.

రాత్రియంతయు కాగును వెచ్చగా నుంచుట మేలా, చల్లారనిచ్చి ప్రొద్దున మరల కాచుట మేలా యని కొందఱు వాదులాడుకొనుట కలదు. వస్తువు చుట్టునున్న గాలికంటె ఎంత వేడిగా నుండిన అంత వడిగా వేడిని కోలుపోవునని న్యూటను 1701లో ప్రకటించెను. కావున రాత్రి పొడుగున వెచ్చగా నుంచిన కాగు రాత్రి పొడుగున కట్టె తినుచుండును. చల్లారనిచ్చుటయే లాభము. మనవారు బూడిదక్రింద కప్పియుంచినది నిప్పును. అగ్గిపెట్టె కొనవలసిన పని లేకుండ ప్రొద్దున రగులుటకై.

బాలింత యున్న యింట ఈ పొదుపులు సాగవు. వావిలాకు వేసి కాచిన నీరు దినదినము పోయవలెను. తల్లికి, బిడ్డకు, వేర్వేఱుగ. పురుడు పుష్యమాసమున వచ్చినదా, ఆ నెల కట్టె తక్కిన మూడునెలల కట్టెతో సమానము. కూలిచేసికొను సంసారములు కందికట్టె, పత్తికట్టె, పిడకలు ఎప్పటినుండియో కూడబెట్టి యుంచుకొనెడివి. వరిమరలు వచ్చిన పిమ్మట ఊకపొయ్యి వచ్చెను. ఊక నడుమ గొట్టము నిలిపి అణచికూరి, గొట్టము లాగి, ఆ రంధ్రమున నిప్పు వేసినచో మెల్లగా గంటలకొలది కాలును. కాగునకు అంతకంటె తగిన పొయ్యి లేదు. పొగ మాత్రము కన్నీరు తెప్పించును.

ఇప్పుడు వెలను చెల్లించినవారిమాట. నిజాముల పాలనలో దొరల గడీలలో కాగు క్రింద కాలిన కట్టెకు వెల లేదు, వెట్టియే వెల. మాల మాదిగలు కట్టెలు కొట్టి మోసిరి, కుమ్మరులు కుండలిచ్చిరి, నీరు తోడువారు తోడిరి, మంగళ్ళు ఒళ్ళు పట్టిరి, చాకళ్ళు బట్టలుతికిరి. గ్రామమునకు అధికారి మకాము వచ్చినపుడు ఆయన స్నానమునకు కావలసిన కట్టె, నీరు, మనిషి అన్నియు ఊరిమీదనే. ఆంధ్రోద్యమము మొదలయిన తొలినాళ్ళనుండియు వెట్టి దాని చింతలలో ముఖ్యమైనది. 1930లో సురవరము ప్రతాపరెడ్డిగారి యధ్యక్షతన జోగిపేటలో ఆంధ్రమహాసభ తొలిసారి సమావేశమైన పిమ్మట పదియేండ్లలో ఈ గొడవ పల్లెపల్లెకు పాకెను. నేటి జనగామ జిల్లాలోని పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన సాగుభూమికై విసునూరు దేశముఖు నెదిరించెను. కడవెండిలో 1946 జూలై 4వ తేదీన దొడ్డి కొమరయ్య తుపాకికి బలియయ్యెను. ఆ పోరాటము భూమికై, వెట్టి రద్దునకై సాగినదని మనము చెప్పుకొందుము. ఆ వెట్టి యనుమాటలో తెల్లవారుజామున ఇతరుల కాగుక్రింద మంట పెట్టుటయు నొక భాగమని మఱవరాదు. ఆ మంట పెట్టినవాడు తన యింట చన్నీళ్ళు పోసికొనెను.

అడవిసీమ సంగతి యిట్లే యుండెను. కట్టె కంటియెదుటనే యున్నను, అడవిపై సర్కారు చట్టములు బిగిసినకొలది అది చేతికి దూరమాయెను. ఫసలీ 1355లో హైదరాబాదు అడవిచట్టము వచ్చెను. కోయవారు, లంబాడీలు తాము పుట్టిన అడవిలో మోపుకట్టె తెచ్చుటకు జంకవలసివచ్చెను. ఆ మోపులనే వారి స్త్రీలు నెత్తిన పెట్టుకొని క్రోసులకొలది నడచి అంగడికి తెచ్చిరి. కొన్నవాడు బేరమాడి కొన్నాడు. ఆ నడకకు కూలి కట్టువాడెవడు?

అదే అడవి క్రింద వేఱొక కట్టె యుండెను. 1871లో భూగర్భశాస్త్రజ్ఞుడు విలియం కింగు ఇల్లెందు దాపున నేలబొగ్గును కనుగొనెను. 1886లో హైదరాబాదు దక్కను కంపెనీ గనుల హక్కు సంపాదించెను. 1889 నాటికి హైదరాబాదునుండి బెజవాడకు రైలుదారి పూర్తియై, డోర్నకలునుండి ఇల్లెందు గనులకు శాఖ నడచెను. ఆ డోర్నకలు నేడు మహబూబాబాదు జిల్లాలోనిది. 1920లో ఆ కంపెనీ సింగరేణి పేర వెలసెను. జనగామ, మానుకోట స్టేషనులలో నిలిచిన రైలుబండి ఆ బొగ్గుతోనే నీరు కాచి పరుగెత్తెను. మన కాగులకు మాత్రము ఆ బొగ్గు పనికిరాలేదు. దాని పొగయు వాసనయు ఇంట భరింపరానివి. రైలింజను కడుపులో నీరు కాగు తీరు కొంత పోలికతో పట్టణములలో రాగిబాయిలరు వచ్చెను. నీటినడుమ గొట్టము, గొట్టములో బొగ్గు. మంటచుట్టును నీరే యగుటచే వేడి ప్రక్కకు పోవు త్రోవ తక్కువ. మూడుఱాళ్ళ పొయ్యికంటె ఎంతయో మేలు. కాని రాగి వెల మనకందునదా? కలిగిన యింటనే అది కనబడెడిది.

ఆ నేలబొగ్గు చివరకు వేఱు దారిని మన స్నానములోనికి వచ్చినది. భూపాలపల్లిలో సింగరేణి గనులు తెఱువబడెను. దాపుననే చెల్పూరులో కాకతీయ విద్యుత్కేంద్రము 2010లో 500 మెగావాట్ల యంత్రముతో మొదలై, 2016లో 600 మెగావాట్ల యంత్రమును చేర్చుకొనెను. నేడు నీటిలో కడ్డీ వేసి స్విచ్చి నొక్కువాడు కట్టె కొట్టుట లేదు, బావికి పోవుట లేదు. ఒక యూనిట్ కరెంటుకు 860 పాళ్ళ వేడి. నేను చెప్పిన 540 పాళ్ళకు మూడింట రెండు వంతుల యూనిట్ లోపే చాలును. బొగ్గుకేంద్రమున యూనిట్‌కు ఇంచుమించు ఏడువందల గ్రాముల బొగ్గు కాలుననుకొన్న, బకెట్టు నీటికి నాలుగువందల ఏబది గ్రాములకు మించదు. కిలోకు పైగా కట్టె తిన్న పొయ్యితో పోల్చిచూడుడు. మోయువాడు కనబడకుండుట వేఱు, లేకుండుట వేఱు. గనిలో దిగువాడు మోయుచునే యున్నాడు.

పట్టణముల ధనికుల మేడలలోను, విడిదిగృహములలోను ఇటీవల వేడినీటి తొట్లు వచ్చినవి. నలుగురు కూర్చుండి మునుగునట్టివి. వేయిన్నర లీటర్లు పట్టును. అంత నీటిని ఒక డిగ్రీ వేడిచేయుటకు ఒకటిన్నరకు పైగా యూనిట్‌లు. చలిరాత్రి మూత తీసియుంచి పది లీటర్ల నీరు ఆవిరియైపోయిన, నీరు నాలుగు డిగ్రీల దాపున చల్లారును. దానిని మరల ఎక్కించుటకు ఏడు యూనిట్‌ల కరెంటు ఖర్చు. అందుకే ఆ తొట్లకు నాలుగంగుళముల నురుగుపలకల మూతలు చేసి అమ్ముచున్నారు. మా నాయనమ్మ గోనెసంచికి బంధువులు! జపానువారికి తొట్టిస్నానము తరతరముల ఆచారము. వారు బయటనే ఒళ్ళు కడుగుకొని, ఆ పిదప అందఱును ఒకే నీటిలో వరుసగా మునిగి లేతురు. నడుమనడుమ చెక్కపలకలు కప్పి వేడిని నిలుపుకొందురు. ఒకరు మునిగిన నీట ఇంకొకరు మునుగుట మనవారికి సమ్మతము గాదు. చెంబుతో పోసికొనుటయే మన పద్ధతి. ఖర్చుమాట వచ్చినచో ఇరువది లీటర్లతో ముగియు చెంబుస్నానమునకు సాటివచ్చు తొట్టి లేదు.

మా యింట స్నానములకొక వరుస యుండెడిది. మొదట తాతగారు, తరువాత మగవారు, బడికిపోవు పిల్లలు, కోడండ్రు. ఒక్కొక్కరు తోడుకొన్నపుడెల్ల కాగులో తగ్గిన నీటికి బదులు చన్నీళ్ళు పోసెడివారు. అందఱికంటె ముందు లేచి పొయ్యి రగిల్చిన నాయనమ్మ అందఱికంటె వెనుక పోసికొనెడిది. అప్పటికి మంట ఆరును, నీరు గోరువెచ్చన గూడ నుండదు. చలి యెక్కువగా నున్న రోజున ఆమె నీళ్ళు పోసికొనక కాళ్ళు చేతులు కడుగుకొని వంటయింటికి పోవుట నేను చూచితిని. అది ఆచారమని మేమనుకొంటిమి. కట్టెల లెక్క వేసిన పిదప గాని అది ఒక మోపుకట్టె మిగుల్చుట యని నాకు తెలియలేదు.

నేడు జనగామలోని మా బంధువుల మేడమీద సూర్యకాంతితో నీరు కాగు యంత్రమున్నది. పగలు కాగిన నీరు నురుగుపొర తొడిగిన పీపాలో తెల్లవారువఱకు వెచ్చగా నిలుచును. పుష్యమాసమున మూడునాళ్ళు మబ్బు పట్టినచో మాత్రము చల్లబడును. అప్పుడు పెరటిలోని పాతపొయ్యిని ఊడ్చి, రెండు పత్తికట్టెలు పేర్చి, కాగు నెక్కింతురు. చెక్కమూత ఎప్పుడో పుచ్చిపోయినది. దాని స్థానమున ఒక షాబాదు బండముక్క పెట్టుచున్నారు. పైన గోనెసంచి మాత్రము పాతదే.